బైండ్లోళ్ల చెలక

పీహెచ్‌డీ అయిపోయిన తర్వాత చాలా కాలం నేను పుస్తకాలు చదవలేకపోయాను. చదవడం మానేశానని కాదు. నవల తెరిచినా, కవిత్వం తెరిచినా చేయి పెన్సిల్ కోసం వెతికేది. ఒక మంచి మాట తగలగానే ఇది ఏ అధ్యాయంలో ఇముడుతుంది, దీనికి ఎవరి సిద్ధాంతం అతుకుతుంది అని లోపల లెక్క మొదలయ్యేది. పొయ్యి మీద అన్నం మాడుతున్నా తల ఎత్తకుండా యద్దనపూడి నవలలు చదివే అమ్మను చూస్తూ పెరిగినదాన్ని. అమ్మ చదువు ఏడో తరగతి. ఆమెకున్న ఆ సుఖం ఇంత చదివిన నాకు ఎందుకు లేకుండా పోయిందో అర్థమయ్యేది కాదు.

కొన్ని నెలలుగా మళ్లీ చదువుతున్నాను. కారణం సాహిత్యం కాదు, రైలు. నేనుండేది వికారాబాద్‌లో, అమ్మ ఉండేది తాండూరులో. ఈ ఏడాది అమ్మకు రెండు కళ్లకూ ఒకదాని తర్వాత ఒకటి శుక్లాల ఆపరేషన్ అయింది. శనివారం పొద్దున రైలెక్కి పోయి, ఆదివారం రాత్రికి తిరిగొస్తాను. నలభై కిలోమీటర్ల దూరం. ధారూర్ దాటి, రుక్మాపూర్ దాటి పోతుంటే కిటికీలోంచి అనంతగిరి వైపు ఎర్రమట్టి పోయి మెల్లగా నల్లరేగడి వస్తుంది. తాండూరు దగ్గరపడుతున్న కొద్దీ నాపరాళ్ల కుప్పలు, పాలిషింగ్ యూనిట్ల తెల్లటి బురద. ఎక్కడైనా సిగ్నల్ పడక రైలు ఆగితే ఇంకో పది పేజీలు కలిసొస్తాయి. బ్యాగులో పెన్సిల్ పెట్టుకోకూడదని నియమం పెట్టుకున్నాను.

అట్లా చదివిన పుస్తకాల గురించి నాలుగు మాటలు చెప్దామని కూర్చున్నాను. వీటిలో కొత్తవేవీ లేవు. అన్నీ ఒకప్పుడు చదివినవే. రెండింటి మీద థీసిస్‌లో పేజీలకు పేజీలు రాశాను కూడా. అయినా ఇప్పుడే మొదటిసారి చదివానేమో అనిపిస్తున్నది.

మొదట కొండపల్లి కోటేశ్వరమ్మ గారి 'నిర్జన వారధి'. ఈ పుస్తకం 2012లో వచ్చేనాటికి ఆమెకు తొంభై దాటాయి. బాల్యంలోనే వైధవ్యం, మళ్లీ పెళ్లి, కమ్యూనిస్టు పార్టీ, అజ్ఞాతవాసం, భర్త సీతారామయ్య వదిలి వెళ్లిపోవడం, ఆ తర్వాత చదువుకుని కాకినాడలో హాస్టల్ మేట్రన్ ఉద్యోగం, కొడుకునూ కూతురినీ పోగొట్టుకోవడం. ఒక్క జీవితంలో ఇన్ని. యూనివర్సిటీలో చదివినప్పుడు నాకు ఆమె మీద కోపం వచ్చింది. ఇంత జరిగితే ఇంత తగ్గు గొంతుతో ఎట్లా రాస్తారు అని. అప్పుడు నాకు కోపంగా ఉండే వాక్యమే నిజమైన వాక్యం. ఇప్పుడు రైల్లో చదువుతుంటే ఆ తగ్గు గొంతు వెనక ఎంత పట్టుదల ఉందో కనిపించింది. తన బతుకును భర్త కథలో ఒక ఉపకథగా మిగలనివ్వకూడదన్న పట్టుదల అది. స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో కూడా ఆమె గొంతు ఉంది. అక్కడ వేరేవాళ్లు అడిగితే చెప్పారు. ఇక్కడ ఎవరూ అడగకుండా తానే చెప్పుకున్నారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎవరైనా రాస్తే బాగుండు. (చూశారా, పెన్సిల్ లేకపోయినా బుద్ధి మారదు.)

రెండోది మల్లు స్వరాజ్యం గారి ఆత్మకథ 'నా మాటే తుపాకి తూటా'. విమల, కాత్యాయని గార్లకు ఆమె చెప్పగా పుస్తకమై 2019లో వచ్చింది. 2022 మార్చిలో ఆమె చనిపోయినప్పుడు నేను రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నాకు అంత ఇష్టం ఆమె అంటే. భూస్వామి ఇంట్లో పుట్టి, పదీ పదకొండేళ్ల వయసులోనే తమ ఇంటి ధాన్యం తీసి జీతగాళ్లకు పంచిపెట్టిన పిల్ల. తర్వాత దళంలో తుపాకి పట్టింది. నిజాం సర్కారు ఆమె తలకు పదివేల రూపాయల వెల కట్టింది. ఆపైన రెండుసార్లు తుంగతుర్తి నుంచి శాసనసభ్యురాలు. మాట్లాడితే సభ లేచి నిలబడేదంటారు. పుస్తకంలో కూడా ఆ మాటతీరే. రాసినట్టుండదు, ఎదురుగా కూర్చుని తొడ చరిచి చెప్తున్నట్టుంటుంది.

ఈ పుస్తకం నాకు ఎందుకంత ఇష్టమో ఈసారి మొదటిసారి అనుమానం వచ్చింది. ధైర్యం కోసమే అయితే 'నేనే బలాన్ని' కూడా అంతే ఇష్టంగా గుర్తుండాలి కదా? అది టి.ఎన్. సదాలక్ష్మి గారి బతుకుకథ. గోగు శ్యామల గారు ఏళ్లపాటు తిరిగి, విని రాస్తే 2011లో వచ్చింది. మెహతర్ల ఇంట్లో పుట్టి, శాసనసభకు డిప్యూటీ స్పీకరై, సంజీవయ్య గారి మంత్రివర్గంలో దేవాదాయ మంత్రి అయిన మనిషి సదాలక్ష్మి. పాకీపని చేసే కులంలో పుట్టిన ఆడమనిషి చేతికిందికి గుళ్లన్నీ వచ్చాయి. తర్వాత మాదిగ దండోరాకు అండగా నిలబడింది. ఇంతకన్నా ధైర్యమేముంటుంది? అయినా ఆ పుస్తకాన్ని నేను 'గౌరవించాను', స్వరాజ్యం పుస్తకాన్ని 'ప్రేమించాను'. థీసిస్‌లో ఈ తేడాకు ఏదో సమాధానం చెప్పుకున్నట్టున్నాను, కథన శైలి అనో, మౌఖికత అనో. అది అబద్ధమని తెలియడానికి అమ్మకు కళ్లు కనబడకుండా పోవాల్సి వచ్చింది.

ఇక అసలు పుస్తకం. శ్యామల గారి కథలు, 'ఏనుగంత తండ్రికన్నా ఏకులబుట్టంత తల్లి నయం'. ఆమెది తాండూరుకు దగ్గరి పెద్దేముల్. మా అమ్మ పుట్టిన ఊరు అక్కడికి ఎంతో దూరం కాదు. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. నేను ఈ కథలను మొదట చదివింది ఇంగ్లీషులో, 2012లో నవయాన వాళ్లు వేసిన అనువాదంలో. తాండూరులో పెరిగిన పిల్ల తాండూరు నేల మీది కథలను హైదరాబాదులో కూర్చుని ఇంగ్లీషులో చదివి, ఇంగ్లీషులోనే మెచ్చుకుని, ఆ తర్వాత తెలుగు పుస్తకం వెతుక్కుంది. నా థీసిస్‌లో ఒక అధ్యాయం ఈ కథల మీదనే. 'భూమి, దేహం, దళిత స్త్రీ' అని పేరు కూడా పెట్టుకున్నాను.

కొత్త అద్దాలు వచ్చేదాకా చదవొద్దని డాక్టరు చెప్పారు. అమ్మకు పొద్దు పోదు. "నీ బ్యాగుల ఏముంటే గది సదువు" అంది ఒక శనివారం. నా దగ్గర ఈ కథలున్నాయి. రెండు పేజీలు చదివేసరికి అమ్మ ఆపింది.

"గిది మన మాటనే గద. గిట్ల గూడ బుక్కు రాస్తరా?"

ఎనభైల్లో, తొంభైల్లో వారపత్రికల సీరియళ్లు చదివిన అమ్మకు పుస్తకమంటే కోస్తా మాట. హీరోయిన్ "వస్తున్నానండీ" అనాలి. ఇక్కడ మనుషులు అమ్మ మాట్లాడినట్టే మాట్లాడుతుంటే మొదట నవ్వింది, తర్వాత మోచేయి మీద లేచి కూర్చుంది. థీసిస్ చివర నేనొక పదకోశం ఇచ్చాను, మాండలిక పదాలకు అర్థాలని. ఆ రోజు సాయంత్రం దాన్ని కూడా చదివి వినిపించాను, గొప్పకోసమే. 'గుంటుక: కలుపు తీసే పనిముట్టు' అని రాసుకున్నాను. "కలుపు ఒక్కటేనా? నల్లరేగడి నెర్రెలు వారకుండ పైమన్ను గుల్ల జేసి పదును నిలవెడ్తది. అది తిరగకపోతె కంది ఎట్ల నిలుస్తది?" అంది. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు పేపర్లలో నేలలోని ఖనిజాల గురించి రాశారు. గుంటుక గురించి ఎవరూ రాయలేదు. నేనూ రాయలేదు.

బాలమ్మ కథ చదివిన రోజు అమ్మ పక్కింటికి వినబడేటట్టు నవ్వింది. తన మీద చేయి వేయబోయిన దొర మీద తిరగబడి తప్పించుకున్న చిన్నపిల్ల కథ అది. ఇంగ్లీషు అనువాదంలో దాని పేరులో రామాయణంలోని తాటకి ఉంటుంది, ఈ తాటకి మాత్రం ఓడిపోదు. నేను దాని మీద 'ప్రతిఘటన' అని రాశాను. అమ్మ "అట్ల గావాలె వానికి" అంది. నా మూడు పేజీల కన్నా అదే మంచి విమర్శ అనిపించింది.

కూతుర్ని జోగినిని చేయనివ్వకుండా హాస్టల్లో చేర్పించిన తండ్రి కథ చదివినప్పుడు మాత్రం నవ్వలేదు. పిల్లను దక్కించుకున్నందుకు ఆ తండ్రి దెబ్బలు తిన్నాడు, భూమి పోగొట్టుకున్నాడు. జోగినీ ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చిందని, అది వచ్చాక కూడా ఆచారం పూర్తిగా పోలేదని నేను చెప్తుంటే అమ్మ వినలేదు. గోడకు తిరిగి పడుకుంది. నిద్ర పోయిందనుకున్నాను. కాసేపటికి "పటేల్లు గంతే" అంది. మా తాత, అమ్మ వాళ్ల నాయన, ఆ ఊరికి మాలి పటేలు. పటేలు పట్వారీ వ్యవస్థ 1984లో రద్దయినా మా ఇంటిపేరు ముందు ఆ మాట చాలాకాలం పోలేదు. ఊర్లో నన్ను కూడా పటేలమ్మ మనుమరాలనే అనేవాళ్లు.

ఆ మరుసటి శనివారం బైండ్ల స్త్రీ కథ. ఊరమ్మకు కొలుపు చేసే బైండ్ల ఇంటి ఆడమనిషి తన భూమి తనకియ్యమని అడుగుతుంది. ఎందుకు అడగకూడదు అన్న ప్రశ్నే కథ పేరు. ఈ కథ మీద నేను పదకొండు పేజీలు రాశాను. పవిత్రతకు, అంటరానితనానికి మధ్య బైండ్ల మనిషి నిలబడే చోటు గురించి. ఊరికి అమ్మవారు కావాలి, అమ్మవారికి బైండ్లోళ్లు కావాలి, బైండ్లోళ్లకు మాత్రం మాన్యం అక్కర్లేదనే ఊరి తర్కం గురించి. ఇప్పటికీ ఆ పేజీల్లో తప్పు లేదనే అనుకుంటాను. పరీక్షకులు ప్రత్యేకంగా మెచ్చుకున్నారు కూడా.

చదవడం అయిపోయింది. అమ్మ అడిగింది: "మన బైండ్లోళ్ల చెలక యాదికున్నదా నీకు?"

యాదికుంది. ఎందుకుండదు? ఎండాకాలం సెలవుల్లో తాత ఊరికి పోయినప్పుడు చెలకల పేర్లు పాటలా వచ్చేవి. పెద్ద చెలక, బాయికాడి మడి, చింతకింది చెలక, బైండ్లోళ్ల చెలక. నేను అక్కడ పచ్చి కందికాయలు తిన్నాను, గెట్టు మీద కూర్చుని సద్ది తిన్నాను. అది మా చెలక. దానికి ఆ పేరెందుకని ఒక్కసారి కూడా అడగలేదు. నేనుంటున్న ఊరికి వికారాబాద్ అనే పేరు పైగా అమీరు వికారుల్ ఉమ్రా నుంచి వచ్చిందని చిన్నప్పుడే తెలుసు, బళ్లో చెప్పారు. నవాబు పేరు ఊరికి ఎందుకుందో తెలిసిన నాకు, బైండ్లోళ్ల పేరు మా చెలకకు ఎందుకుందో తెలియదు. పదకొండు పేజీలు రాస్తున్న రోజుల్లో ఒక్క క్షణమైనా ఆ చెలక మనసులోకి రాలేదు. ఇదే నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెడుతున్నది. మర్చిపోయి ఉంటే వేరు. మర్చిపోలేదు. రెండూ నా తలలోనే ఉన్నాయి, ఒకదాన్నొకటి ముట్టుకోకుండా. ఊరూ వాడలాగా.

అమ్మ చెప్పింది ఇది. ఊరమ్మకు పట్నాలేసి, జమిడిక వాయించి కొలుపు చేసినందుకు ఆ ఇంటికి మాన్యముండేది, రెండెకరాల చిల్లర. ఒక కరువు ఏడు వాళ్లు తాత దగ్గర జొన్నలు తీసుకున్నారు. తిరిగి పెట్టలేకపోయారు. తాత ఆ చెలకలో నాగలి కట్టించాడు. మొదట 'ఈ ఒక్క పంటకు' అన్నాడట. ఇనాముల రద్దు చట్టం హైదరాబాద్ రాష్ట్రంలో 1955లోనే వచ్చింది. సాగు చేసుకుంటున్నవాళ్లకు పట్టా అయ్యే దారి చట్టంలో ఉండింది. కానీ ఎవరు సాగు చేస్తున్నారో రాసే కలం ఊర్లో ఎవరి చేతిలో ఉండిందో చెప్పక్కర్లేదు. ఎమర్జెన్సీ నాటికి ఆ ఇంటి మగమనిషి పోయాడు. ఆయన భార్య ఒక పొద్దున వచ్చి మా అరుగు ముందర కూర్చుంది. అమ్మకప్పుడు పదేళ్లు. తాత బయటికి రాలేదు. అమ్మమ్మ చేటలో జొన్నలు కొలిచి తెచ్చి ఆమె కొంగులో పోయబోయింది.

"ఆమె కొంగు వట్టలే. జొన్నలన్ని కింద వడ్డయి. పొద్దు గూకేదాంక కూసోని లేసిపోయింది. మా అమ్మ ఆ జొన్నలు ఊడ్సి కోళ్లకేసింది."

అమ్మ ఆమె పేరు కూడా చెప్పింది. నలభై తొమ్మిదేళ్ల తర్వాత.

ఇక్కడితో అయిపోతే ఇది తాత తప్పు. తాత తప్పును ఒప్పుకోవడం నాకు కష్టం కాదు. భూస్వామ్యం, పితృస్వామ్యం అని రెండు మాటలు అనేస్తే ఆయన నాకు దూరమైపోతాడు. కానీ ఆ చెలక తాత దగ్గర ఆగలేదు.

నాన్న తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్‌లో గుమాస్తా. 2008లో పోయాడు. అప్పుడు అమ్మ తమ్ముడి దగ్గరికి పోయి నా వాటా నాకియ్యమంది. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కునిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది, 2005లో అది దేశమంతటికీ వచ్చింది. ఈ సంగతి అమ్మకు చెప్పింది నేనే, డిగ్రీ చదివే పిల్లను. మామ మాట్లాడడం మానేశాడు. "ఇచ్చి పంపినంక మళ్ల భూమెందుకు?" అన్నారు. బతుకమ్మకు పిలవలేదు. రెండేళ్లు తిరిగితే చివరికి ఒక ముక్క రాసిచ్చారు. బాయికాడి మడి కాదు, పెద్ద చెలక కాదు. అన్నిటికన్నా పనికిరానిది, అడుగున బండ తగిలేది. బైండ్లోళ్ల చెలక. ఆ అడుగున బండ ఉండడమే అమ్మకు కలిసొచ్చింది. 2012లో నాపరాయి గని కోసం కొన్నారు. ఆ డబ్బుతో నా పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు గడిచాయి, ఫెలోషిప్ చేతికొచ్చేదాకా.

అమ్మ పోరాటం గురించి నేను చాలా వేదికల మీద చెప్పాను. ఏడో తరగతి చదివిన ఆడమనిషి చట్టం పట్టుకుని పుట్టింటిని ఎదిరించి భూమి తెచ్చుకుందని. వినేవాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు. నా థీసిస్‌ను అంకితమిచ్చింది కూడా ఆ రెండెకరాల కోసం కొట్లాడిన అమ్మకే. అందులో అబద్ధం ఏమీ లేదు. అమ్మ పడిన బాధ నిజం, ఆమె గెలుపు నిజం. ఇప్పుడు కూడా ఆమె అడగకుండా ఉండాల్సిందని నేను అనలేను. అడగకపోతే ఆ చెలక మామ దగ్గర ఉండేది, అంతే తేడా.

"నన్నేమన్నరో ఆమెను గూడ గదే అన్నరు, నీకు భూమెందుకని. నేను గెల్సిన, ఆమె గెల్వలే" అంది అమ్మ. ఈ మాట వినగానే నా లోపలి పరిశోధకురాలు లేచి కూర్చుంది, ఎంత మంచి వాక్యం, ఎక్కడ వాడదాం అని. సిగ్గేసింది. మళ్లీ ఇప్పుడు ఇక్కడ వాడుతూనే ఉన్నాను.

కారంచేడు 1985లో జరిగింది, చుండూరు 1991లో. ఆ తర్వాత దళిత స్త్రీలు స్త్రీవాదాన్ని అడిగిన ప్రశ్నలన్నీ నాకు తెలుసు. శ్యామల గారు సంకలనం చేసిన 'నల్లపొద్దు' 2003లో, 'నల్లరేగడిసాల్లు' 2006లో వచ్చాయి. జూపాక సుభద్ర గారి 'రాయక్క మాన్యం' 2014లో వచ్చింది. అన్నీ నా అలమరలో ఉన్నాయి. 'స్త్రీలందరూ ఒకటి కాదు' అని సెమినార్లలో నేనే ఎన్నిసార్లు చెప్పానో. ఆ వాక్యంలో 'స్త్రీలు' అన్నచోట నాకు ఎప్పుడూ ఎవరో ఇద్దరు కనబడేవాళ్లు. మా అమ్మమ్మా, చేటలోంచి కింద పడ్డ జొన్నలూ కనబడలేదు.

స్వరాజ్యం పుస్తకం మీద నా ప్రేమ ఏమిటో ఇప్పుడు తెలుస్తున్నది. ఆమె నాకొక తలుపు తెరిచి పెట్టింది. పటేలు ఇంట్లో పుట్టినా పరవాలేదు, ధాన్యం పంచి బయటికొస్తే చాలు, నువ్వు కూడా చరిత్రలో మంచివాళ్ల వైపు ఉండొచ్చు. ఆమె ఆ తలుపు దాటడానికి ప్రాణం పణంగా పెట్టింది. నేను పుస్తకం చదివి దాటేశాననుకున్నాను. శ్యామల గారి కథల్లో నా కోసం ఆ తలుపు లేదు. అయినా నేను ఏదో ఒక కిటికీ వెతుక్కుని లోపలికి దూరాను. బాలమ్మలో నన్ను చూసుకున్నాను, హాస్టలుకు పోయిన పిల్లలో చూసుకున్నాను. నేనూ హాస్టల్లో చదివినదాన్నే కదా! ఆ కథల్లో నాకు నిజంగా దగ్గరి చుట్టాలెవరో వాళ్ల వైపు చూడనే లేదు. పటేలు ఇంటి ఆడవాళ్లు ఆ కథల అంచున ఎక్కడో ఉంటారు. నేనుండేది అక్కడ.

ఈ కథల మీద నాకు అభ్యంతరాలు లేవని కాదు. కొన్నిచోట్ల కథ నడుస్తూ నడుస్తూ ఆగి వ్యాసమవుతుంది. మనుషులు తమ మాట వదిలి రచయిత్రి మాట మాట్లాడతారు. వాడ బతుకులోని తిండినీ ఆటనూ పశువులనూ చెప్పేటప్పుడు ఉన్న ఉత్సాహం, పోరాటం చెప్పేటప్పుడు ఒక్కోసారి తగ్గుతుంది. ఇవన్నీ థీసిస్‌లో రాయలేదు. దళిత రచయిత్రి మీద అభ్యంతరం చెప్తే ఏమనుకుంటారో అని భయం. మెచ్చుకోవడంలోనూ అదే భయం ఉందని ఇప్పుడనిపిస్తున్నది. ఆ అధ్యాయంలో 'వేదన' అనే మాట ఎన్నిసార్లు వాడానో లెక్కపెట్టాను, ముప్పై ఏడు. ఇన్ని శనివారాల్లో అమ్మ ఆ మాట ఒక్కసారి కూడా అనలేదు. అమ్మకు ఆ కథల్లో మనుషులు కనబడ్డారు, ఎవరి చేను ఎవరి చేతికి పోయిందో కనబడింది. వేదన ఉందని చెప్పి వదిలేయడం చాలా తేలిక. ఎవరిది, ఎవరివల్ల, ఎన్ని ఎకరాలు అని అడిగితేనే గొంతు పట్టేస్తుంది.

థీసిస్ పుస్తకంగా వేస్తామని ఒక ప్రచురణకర్త అడిగారు. ప్రూఫులు వచ్చి రెండు నెలలైంది. ఆ పదకొండు పేజీల్లో ఏం మార్చాలో తెలియడం లేదు. ఒక అధోజ్ఞాపిక పెట్టి 'ఈ పరిశోధకురాలి కుటుంబం కూడా' అని మర్యాదగా ఒప్పుకుంటే సరిపోతుందా? ఈమధ్య అందరం మన సామాజిక స్థానం ప్రకటించి మొదలుపెడుతున్నాం. అది చేతులు కడుక్కున్నట్టే ఉంటుంది. అంకితం మార్చనా? అమ్మకిచ్చింది వెనక్కి తీసుకోవడానికి నాకు మనసొప్పదు.

చెలక తిరిగిద్దామన్నా చెలక లేదు. పోయిన నెల అమ్మా నేనూ ఆటో కట్టించుకుని చూసి వచ్చాం. పెద్ద గుంత, అడుగున ఆకుపచ్చ నీళ్లు, అంచున ఎవరో వదిలేసిన పగిలిన బండలు. కొత్త అద్దాలు పెట్టుకుని అమ్మ చాలాసేపు చూసింది. చింతచెట్టు గుర్తుతో గెట్టు ఎక్కడుండేదో చెప్పబోయింది, చెట్టు కూడా లేదు.

ఆ ఇంటివాళ్లు ఊర్లో లేరు. ఆమె కొడుకు తాండూరులోనే బండల పనిలో ఉన్నాడని, ఆమె కూడా ఇంకా ఉందని, అతని దగ్గరే ఉంటుందని కిరాణం దుకాణంలో చెప్పారు. అంటే ఇన్నేళ్లుగా మా ఇంటికి రెండు వీధుల అవతల.

తిరిగొస్తుంటే ఆటోలో అమ్మ అడిగింది, "బుక్కుల ఆమె పేరు రాస్తవా?"

"ఆమెను అడగకుండ ఎట్ల రాస్త అమ్మా?"

"అయితె అడుగుదాం పా."

"ఏమని అడుగుదాం? పోయి ఏం చెప్తం?"

అమ్మ దానికి జవాబు చెప్పలేదు. కాసేపాగి, "ఉత్త చేతులతోటి పోవుడెట్ల?" అంది. వెంటనే తానే "జొన్నలు మాత్రం వద్దు" అంది. ఇద్దరం అక్కడే ఆగిపోయాం. మూడు శనివారాలు గడిచాయి. పోయిన డబ్బు లెక్క అమ్మ ఒక పాత డైరీలో వెతుకుతున్నది, 2012లో చెలక ఎంతకు పోయిందో, అందులో నా చదువుకు ఎంతయిందో. నేనింకా ప్రూఫులు పంపలేదు.